లెక్క తప్పాలని కోరుకున్న మనిషి

మొన్న గుంటూరులో ఎముకల డాక్టరుగారు నా కుడి మోకాలిలో సూది దించుతుంటే నాకు నవ్వొచ్చింది. ఆ సమయంలో జనానికి మామూలుగా వచ్చేది వేరే అనుకుంటాను. ఆయన చెయ్యి ఆపి నా ముఖం వంక చూశారు.

“నొప్పి లేదా?”

“ఉందండీ. ఆ మందేమిటో చెబుతారా?”

“జిగురులాంటిది. ఒకరకం చక్కెర గొలుసు, చాలా పెద్దది. నీటిని పట్టి ఉంచుతుంది. మీకు అర్థం కావడం కాస్త కష్టంలెండి.”

“అర్థమైందండీ. మేక మోకాలిలో ఉండేదే కదా.”

డాక్టరుగారు సూది బయటికి లాగి, తలుపు వైపు నడిచారు. కట్టు వేయడానికి నర్సును పంపారు.

ఆ మాట నా సొంతం కాదు. నాతో మూడేళ్లు ఒకే గదిలో ఉన్న కెమిస్ట్రీ లెక్చరరుగారిది. ఆయన పేరు రాయను. రాస్తే, ఎక్కడున్నా ఈ కాగితం సంపాదించి, ఎర్రసిరాతో తప్పులు దిద్ది తిరుగుటపాలో పంపగల మనిషి.

తొంభైల చివర్లో మేమిద్దరం చిలకలూరిపేటలో ఒక ప్రైవేటు కాలేజీలో పనిచేసేవాళ్లం. నాది ఎకనామిక్స్. అంటే నాకు ఏదీ పూర్తిగా తెలియదని ఆయన అభిప్రాయం. నాదీ అదే. ఆయనకు నలభై దగ్గర పడుతున్నాయి. పెళ్లెందుకు చేసుకోలేదని ఎవరైనా అడిగితే, సినిమాకు పిలిచినవాళ్లకు చెప్పినట్టు “ఖాళీ లేదండీ” అనేవారు.

వస్తువులకు గారు తగిలించడం ఆయన అలవాటు. “కుక్కరుగారు మూడు కూతలు కూశారు, దించండి.” “ఫ్యానుగారికి ఇవాళ ఒంట్లో బాలేదు.” మనుషుల దగ్గరికి వచ్చేసరికి ఆ గౌరవం తరిగిపోయేది. మా ప్రిన్సిపాల్‌ను ఎన్నడూ “అతను” దాటి పిలిచిన పాపాన పోలేదు.

రెండో అలవాటు తలలు లెక్కపెట్టడం. పెళ్లిలో భోజనాల బంతి కావచ్చు, బస్టాండు కావచ్చు, చూపుడువేలు గాలిలో ఆడిస్తూ తలలన్నీ లెక్కపెట్టి, ఆ సంఖ్య తెలిశాక గాని స్థిమితంగా కూర్చునేవారు కాదు. ఒక పెళ్లిలో ఆడపెళ్లివారు ఆయన్ని కేటరింగ్ మనిషి అనుకొని, సాంబారు చాల్లేదని దులిపేశారు. ఆయన ఏమీ అనుకోలేదు. “నూట పద్దెనిమిది మందండీ. చాలదు మరి” అన్నారు.

ఈ తలల పిచ్చికి మూలం ఆయన చదువులో ఉంది. యూనివర్సిటీలో పార్ట్‌టైం పీహెచ్‌డీ చేస్తున్నారు. పెద్ద పెద్ద చక్కెరలు నీటిని ఎంత బలంగా లాగుతాయన్నది విషయం. ఒక ఆదివారం మధ్యాహ్నం, భోజనం చేసి మంచాల మీద వాలిన సమయంలో ఫ్యానుగారు ఆగిపోతే, నాకు బోధించారు.

“సన్నటి జల్లెడ ఒకటి ఉందనుకోండి. అటువైపు మంచినీళ్లు, ఇటువైపు చక్కెరనీళ్లు. కన్నాల్లోంచి నీళ్లు దూరతాయి, చక్కెర దూరదు. ఏమవుతుంది?”

“ఏమవుతుందండీ?”

“నీళ్లు ఇటు వచ్చేస్తాయి. పెట్టేచోటికి చుట్టాలొచ్చినట్టు. ఎంత బలంగా వస్తాయి? చక్కెర బరువును బట్టి కాదు, తలల్ని బట్టి. ఇప్పుడు వెయ్యి చక్కెరల్ని ఒకే గొలుసుగా కట్టేయండి. బరువు మారలేదు. తలలెన్ని?”

“ఒకటి.”

“ఒకటి! ఇంట్లో వెయ్యిమంది, రేషన్ కార్డు ఒకటి. నీళ్లు పట్టించుకోవు. అందుకే మన లివరు చక్కెరను విడివిడిగా దాచుకోదు, కట్టగట్టి దాచుకుంటుంది. విడిగా దాచుకుందంటే నీళ్లు వచ్చిపడి, ఒక్కో కణం ఉబ్బి పగిలిపోతుంది. అన్నం తిన్నవాడు తిన్నచోటే టపటపా పేలిపోవాలి.”

నేను అప్పుడే రెండుసార్లు మారు వడ్డించుకొని ఉన్నాను. కాసేపు కదలకుండా పడుకున్నాను.

ఇంతవరకూ పుస్తకాల్లో ఉన్నదే. గొలుసులు పలచగా ఉన్నప్పుడు తలల లెక్క సరిపోతుంది. బాగా చిక్కబడితే మాత్రం గొలుసులు ఒకదాన్నొకటి మోచేతులతో పొడుచుకుంటాయని, అప్పుడు అవి లాగే నీళ్లు తలల లెక్కకు మించిపోతాయని ఆయన వాదన. గ్రాఫు గీస్తే తిన్నగా పోయే గీత చివర్లో పైకి వంగాలి. విదేశాల్లో ఫ్యాక్టరీ పొరలను జల్లెడగా పెట్టి చూస్తే వంగిందట. ఒంట్లో ఉండే తోలుతో వంగుతుందా? అది ఎవరూ చూడలేదు. “తోలన్నాక కారుతుంది, వంగదు గింగదు, తిన్నని గీత గీసి తీసుకురా, సంతకం పెడతాను” అని వాళ్ల గైడు. ఈయన వినలేదు. గడువు రెండుసార్లు పెంచారు. మూడోది ఆగస్టు నెలాఖరుతో సరి.

కాబట్టి లోకంలో అందరూ లెక్క కుదరాలని దేవుడికి మొక్కుకుంటుంటే, ఈయన ఒక్కరూ తన లెక్క తప్పాలని ఎదురుచూస్తుండేవారు. గీత వంగితే డాక్టరుగారు. వంగకపోతే, పుస్తకంలో ఉన్న ఒక పేజీని మూడేళ్లపాటు కాపీ చేసినవారు.

ఈ మోచేతుల సిద్ధాంతాన్ని ఆయన గుంటూరు నుంచి వచ్చే ఆర్టీసీ బస్సులో, మిరపయార్డు తెరిచిన రోజున, ఒంటికాలి మీద నిలబడి కండక్టరుకు వివరించారు.

“పదిమంది ఎక్కితే పదిమందే తోస్తారు. అరవైమంది ఎక్కితే నూట యాభైమంది తోసినట్టుంటుంది. ఎందుకంటారు?”

“మీలాంటోళ్లు డోరుకడ్డంగా నిలబడి ప్రశ్నలేస్తారు కాబట్టి. లోపలికి జరగండి సార్!”

“చూశారా, ఒప్పుకున్నాడు” అన్నారు నాతో.

ఆయన లెక్క ప్రకారం ఈ జిల్లాలో చక్కెర కానిది లేదు. అన్నం చక్కెర, గంజి చక్కెర, పత్తి చక్కెర. ఫీజు కట్టడానికి వచ్చిన ఒక పత్తిరైతుతో “మీరు పండించేది అక్షరాలా చక్కెరేనండీ. కాకపోతే చాలా పొడుగాటి గొలుసు” అని చెప్పారు. ఆ రైతు ఆలోచించి, “కావచ్చు సార్. చీమలు పట్టట్లేదు గానీ పురుగు పడతంది” అని వెళ్లిపోయాడు.

ప్రయోగానికి చక్కెర గొలుసు కావాలి. రక్తం బాగా పోయినవాళ్లకు, రక్తం దొరికేలోగా ఎక్కించే డెక్స్‌ట్రాన్ అనే సీసాలుండేవి. అందులో ఉండేది ఈ గొలుసే. అది ఒంట్లో నీటిని రక్తనాళం దాటి పోకుండా పట్టి ఉంచుతుంది. తేదీ దాటి పారేయబోయే సీసాలను ఆయన గుంటూరు మందుల షాపుల్లో బతిమాలి, గుడ్డసంచిలో బస్సుకెక్కించుకొని తెచ్చుకునేవారు. ఇక తోలు కావాలి. అందుకు మేక మూత్రపు తిత్తి సరైనదని తేల్చారు. ఆయన గుడ్డు వాసన కూడా పడని శాకాహారి. ప్రతి ఆదివారం పొద్దున్నే మస్తాన్ మాంసం కొట్టు దగ్గర వరుసలో నిలబడేవారు. తోడుగా నేను.

“ఏం సార్, ఇయ్యాలన్నా అరకేజీ కొట్టేదా?”

“వద్దు మస్తాన్. తిత్తిగారున్నారా?”

“ఉన్నారు సార్. ఇద్దరున్నారు.” సావాసం వల్ల మస్తాన్‌కూ ఆ గౌరవం అంటుకుంది.

“చిల్లులేమీ లేవుగా?”

“ఊది చూపించమంటారా?”

వెనక నిలబడ్డ ఒకావిడ ఉండబట్టలేక అడిగింది. “అయ్యగారూ, ఆ ముక్క అంత రుచిగా ఉంటదా?”

“ఏమోనమ్మా. నేను తినను, కొలుస్తాను.”

ఆ తర్వాత వరుసలో మాకు ముందు చోటు ఇచ్చేవారు. మర్యాద వల్లో, దూరంగా ఉందామనో తెలియదు.

అసలు చిక్కు మా ఇంటివాళ్లు. మాంసం తినేవాళ్లకు గది ఇవ్వబోమని గేటు మీదే రాయించారు. మేం బాబాయిగారు అని పిలిచే ఇంటాయనకు కారం మిల్లు. సాయంత్రం ఆయన గుమ్మంలో అడుగుపెడితే చాలు, ఇంట్లో అందరూ వరసగా తుమ్మేవారు. కాలింగ్‌బెల్ అవసరం ఉండేది కాదు. ఆయన భార్య పిన్నిగారికి మడి. పూజ వేళ మా గది గుమ్మం ముందునుంచి గాలి వచ్చినా పక్కకు తప్పుకునేవారు. మాకు మాత్రం అద్దె తగ్గించి, వారానికి రెండుసార్లు ఇడ్లీ పంపేవారు. మాస్టార్లు శాకాహారులని, బుద్ధిమంతులని ఆవిడ గట్టి నమ్మకం. రెండూ నిజమే. దానివల్లే వచ్చింది ప్రమాదం.

సీసాలో గొలుసు పలచగా ఉంటుంది. చిక్కబరచాలంటే, తిత్తిలో పోసి మూతి కట్టి గాలికి వేలాడదీస్తే చాలు. నీరు తోలులోంచి ఆవిరైపోతుంది, గొలుసు లోపలే ఉండిపోతుంది. అప్పటికే శ్రావణం వచ్చింది గాని ఆ ఏడు చినుకు లేదు. మేడమీద తీగకు ఐదు తిత్తులు వరసగా వేలాడుతున్నాయి. ఒక శనివారం అప్పడాలు ఎండబెట్టడానికి పిన్నిగారు పైకి వచ్చారు.

“ఏం నాయనా, పెరుగు వడగడుతున్నావా?” అంటూ ముచ్చటగా ఒకదాన్ని వేలితో నొక్కి చూశారు. “బాగానే గట్టిపడింది.”

అవునంటే పోయేది. ఆయనకు ఆ విద్య రాదు.

“పెరుగు కాదమ్మా. మేక మూత్రాశయం.”

పిన్నిగారికి ఆ పుస్తకాల మాట అందలేదు. అక్కడితోనైనా వదిలేయొచ్చు కదా. విద్యార్థికి అర్థం కాకపోతే సులభం చేసి చెప్పాలన్నది ఆయన నియమం.

“అంటే, మేక ఒంటేలు నిలవుండే తిత్తండీ.”

పిన్నిగారు ఆ వేలిని ఒంటికి ఎంత దూరంగా పెట్టుకోవచ్చో అంత దూరంగా పెట్టుకొని, మెట్లన్నీ దిగి, బావి దగ్గర ఆగారు. సాయంత్రం దాకా నీళ్లచప్పుడు వినిపిస్తూనే ఉంది.

విచారణ మరునాడు జరిగింది. బాబాయిగారు కుర్చీలో, పిన్నిగారు గుమ్మంలో, మేం నేలమీద చూపుతో.

“గేటు మీద బోర్డు చదివే వచ్చారుగా అబ్బాయ్?”

“మేం తినలేదు బాబాయిగారూ.”

“తినకపోతే మరీ ఘోరం కదరా! తినేవాడైతే ఆకలేసింది అనుకుంటాం!”

“అమ్మా, ఒక్కమాట” అని మా ఆయన, అంటే మా లెక్చరరుగారు, ధైర్యం చేశారు. “మీకు మోకాళ్లనొప్పులు కదా. మోకాలి లోపల ఒక జిగురుంటుంది. అదీ చక్కెర గొలుసే. నీటిని పట్టి ఉంచి, మీ బరువంతా మోస్తుంది. మేక మోకాలిలోనూ సరిగ్గా అదే. మీకూ మేకకూ ఆ విషయంలో బొత్తిగా తేడా లేదు.”

పిన్నిగారు తన మోకాళ్ల వంక ఒకసారి చూసుకున్నారు.

“రేపు సోమవారం పొద్దున్నే ఖాళీ చేయండి” అన్నారు పిన్నిగారు. “ఇద్దరూ.” ఆ ఇంట్లో నేను చేసిన నేరం పక్కమంచం మీద పడుకోవడం. అయినా వాదించలేదు.

కాని మేడమీద ఆఖరి ప్రయోగం అప్పటికే మొదలైంది. అన్నిటికన్నా చిక్కటిది, గీత వంగేదీ లేనిదీ తేల్చేది. పెద్ద గాజు ఊరగాయ జాడీలో ఉప్పునీళ్లు. అందులో చిల్లులు పొడిచిన పాలపొడి డబ్బా. డబ్బాలో, ఉబ్బిపోకుండా ఇరికించిన తిత్తి, దాని నిండా చిక్కటి డెక్స్‌ట్రాన్. తిత్తి మూతికి తాపీమేస్త్రులు మట్టం చూసుకునే సన్నటి ప్లాస్టిక్ గొట్టం. ఆ గొట్టాన్ని నీళ్లట్యాంకు ఇనుపనిచ్చెనకు నిలువుగా కట్టి, పక్కనే దర్జీ టేపు అంటించారు. తిత్తిలోకి లాక్కున్న నీరు గొట్టంలో పైకెక్కాలి. తలల లెక్క ప్రకారం నలభై అంగుళాల దగ్గర ఆగాలి. నలభై దాటిందంటే గీత వంగినట్టు. అప్పటికి పాతిక దాటింది. కదిపితే పోతుంది. మళ్లీ మొదలుపెట్టడానికి నెలాఖరులోగా రోజులు చాలవు.

ఇదంతా మా ఆయన చేతులు కట్టుకొని చెప్పారు. బాబాయిగారు భార్య వంక చూశారు. పిన్నిగారు చాలాసేపు ఆలోచించి ఇచ్చిన తీర్పును నేను ఇప్పటికీ క్లాసులో తర్కానికి ఉదాహరణగా చెబుతుంటాను.

“ఆ తిత్తి ఎక్కడికీ కదలదు. మైలైనా మేడమీదే ఉంటుంది. మీరు ఇల్లంతా తిరుగుతారు. అది ఉండనీ. మీరు వెళ్లండి. శుక్రవారం వరలక్ష్మీవ్రతం, చుట్టాలొస్తున్నారు. గురువారం సాయంత్రానికి అదీ తీసేయాలి.”

“మేం రాకూడదంటే కొలతలు ఎవరు తీస్తారమ్మా?”

“కళ్లు నాకు లేవూ?”

అలా మా ఇద్దర్నీ పంపించేసి గొట్టాన్ని ఉంచుకున్నారు.

ఎదురుగా ఉన్న దర్జీ కొట్టు వెనకగదిలో దిగాం. సోమవారం పొద్దున పిన్నిగారు స్నానం చేసి, జాడీ చుట్టూ పసుపునీళ్లు చల్లి, టేపు ముందు నిలబడ్డారు. మా ఆయన వీధి మధ్యలో నిలబడి గొంతెత్తారు.

“అమ్మా! ఎంత?”

“ఇరవై ఎనిమిది!”

“నీటి పైఅంచా, మధ్యలో గుంటా?”

“గుంటే! కన్ను ఎదురుగా పెట్టే చూశాను! నువ్వు చెప్పినట్టే!”

నేను తీసిన కొలతను ఆయన మూడేళ్లలో ఒక్కసారి కూడా మళ్లీ చూసుకోకుండా రాసుకోలేదు. ఒకసారి నలభై ఒకటిని పద్నాలుగుగా చదివాననుకోండి. ఆవిడ చెప్పిన సంఖ్యను మాత్రం మారుమాట లేకుండా నోటుబుక్కులో ఎక్కించారు.

మంగళవారం ముప్ఫై రెండు. బుధవారం ముప్ఫై ఆరు. అప్పటికి వీధికి విషయం పాకింది. పాలు పోయించుకునేవాళ్లు గిన్నెలతో అలాగే నిలబడేవారు. మస్తాన్ సైకిల్ దిగి, “మన తిత్తి ఎంతదాకా ఎక్కింది సార్?” అని అడిగి, తల ఎగరేసి పోయేవాడు. బాబాయిగారు మిల్లుకు ఆలస్యంగా వెళ్లసాగారు.

గురువారం సాయంత్రం గడువు. మా ఆయన తువ్వాలు భుజాన వేసుకొని, ప్రయోగం విప్పేయడానికి గేటు బయట నిలబడ్డారు. మాట ఇచ్చారు కాబట్టి విప్పేస్తారు. ముఖం విరిగిన పాలలా ఉంది.

“అమ్మా! ఎంత?”

“ముప్ఫై తొమ్మిదిన్నర!”

పిన్నిగారు పిట్టగోడ మీదికి వంగారు. “ఇంకా ఎక్కుతూనే ఉంది. ఎక్కడ ఆగాలి అబ్బాయ్?”

“లెక్క ప్రకారం నలభై అమ్మా.”

“ఆగకపోతే?”

“ఆగకపోతే లెక్క తప్పినట్టు.”

“అయ్యయ్యో! అర అంగుళమే కదా ఉంది! ఈ అర అంగుళానికి మూడేళ్ల కష్టం తీసి పారేస్తావా? ఉండనీ. నలభైకి చేరనీ. అమ్మవారికి నేను చెప్పుకుంటాను.”

“అమ్మా, అది కాదు. నలభై దగ్గర ఆగకూడదు. దాటాలి. లెక్క తప్పాలనే నా…”

“ఊరుకో! అశుభం మాటలు మాట్లాడకు” అన్నారు పిన్నిగారు.

వీధిలో ఎవరూ ఆయన మాట నమ్మలేదు. తన లెక్క తప్పాలని తనే కోరుకునే మనిషి ఉంటాడని నమ్మడానికి ఆ ఊరివాళ్లు అంత అమాయకులు కారు. దిగులుతో అలా అంటున్నాడన్నారు.

శుక్రవారం వ్రతానికి వచ్చిన పేరంటాళ్లంతా వాయనాలతో మేడమీదికెక్కి గొట్టాన్ని చూశారు. జాడీకి ఎవరో కుంకుమబొట్టు పెట్టారు. నలభై దగ్గర ఆపు తల్లీ అని అందరూ కలిసి దండం పెట్టుకున్నారు. కింద వీధిలో మా ఆయన అదే సమయానికి, అదే అమ్మవారికి, ఆపకు తల్లీ అని చెప్పుకుంటున్నారు. ఆ రోజు అమ్మవారి పరిస్థితి ఎలా ఉండి ఉంటుందో నేను ఊహించగలను.

“నలభై రెండున్నర” అన్న పిన్నిగారి గొంతు నీరసంగా వినపడింది.

అక్కడినుంచి పైన దుఃఖం, కింద ఆనందం. నలభై ఐదు అనేసరికి పిన్నిగారు పొద్దున కాఫీ మానేశారు. నలభై ఏడు అనేసరికి మా ఆయన రెండు కాఫీలు మొదలుపెట్టారు. సంఖ్య వినపడగానే ఆయన పెదాలు చెవుల దాకా సాగేవి. ఇంత సానుభూతి మధ్య నవ్వితే బాగుండదని తువ్వాలు అడ్డం పెట్టుకునేవారు. వీధివాళ్లు గౌరవంగా ముఖం తిప్పుకునేవారు. ఎవరో మజ్జిగ తెచ్చిచ్చారు. మస్తాన్ వచ్చి, “తిత్తిలో తప్పేం లేదు సార్, నేను ఊది చూసే ఇచ్చా” అని దాదాపు ఏడ్చినంత పనిచేశాడు.

నలభై తొమ్మిది. యాభై. యాభై ఒకటి. ఒకరోజుకీ మరో రోజుకీ తేడా తగ్గుతూ వచ్చింది. నెలాఖరు ఇంకా నాలుగు రోజులుందనగా పిన్నిగారు పీట వేసుకొని టేపు చూశారు.

“యాభై రెండు. నిన్నా యాభై రెండే, మొన్నా యాభై రెండే. ఆగిపోయిందయ్యా.”

మా ఆయన దర్జీ కొట్టు గోడమీద సుద్దముక్కతో అప్పటికే గ్రాఫు గీసి ఉంచుకున్నారు. అంతకుముందు పలచటి గొలుసులతో తీసిన కొలతల చుక్కలన్నీ తిన్నగా నడిచి వచ్చాయి. ఆఖరి చుక్కను ఆయన ఇప్పుడు పెట్టారు. అది గీతను వదిలి జానెడు పైన, ఒంటరిగా నిలబడింది.

దర్జీ బయటికి వచ్చి చూశాడు. “నలభై అన్నది యాభై రెండా? నేను పన్నెండంగుళాలు తప్పితే జాకెట్టు కాస్తా లంగా అవుద్ది సార్.”

“పాపం” అన్నారెవరో. “పాపం” అంది వీధి.

“తప్పింది!” అన్నారు మా ఆయన. “లెక్క తప్పిందండీ!” అని ఇంకోసారి అరిచి, తువ్వాలులో ముఖం దాచుకొని అరుగుమీద కూలబడ్డారు. భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి. లోపల్నుంచి వింత చప్పుడొస్తోంది. అది నవ్వని తెలిసినవాణ్ణి ఆ వీధిలో నేనొక్కణ్ణే.

“ఏడవమాకు నాయనా!” పిన్నిగారి గొంతు మేడమీదినుంచి దిగివచ్చింది. “పోనిద్దూ! లెక్కలన్నాక తప్పుతుంటాయి! మీ బాబాయికి మిల్లులో రోజూ తప్పుతాయి!”

“పిన్నిగారూ, ఆయన సంతోషంతో…” అని నేను మొదలుపెట్టాను.

“నువ్వు నోర్ముయ్! స్నేహితుడు అలా కుమిలిపోతుంటే సంతోషమంటావా? వాణ్ణి ముందు లోపలికి తీసుకురా. మీ గది ఊడ్పించే ఉంచాను.”

మా ఆయన చటుక్కున లేచారు. గేటు తోసుకొని, మెట్లు రెండేసి చొప్పున ఎక్కుతూ మేడమీదికి పరుగెత్తారు. తన యాభై రెండును కళ్లారా చూసుకోవడానికి. అది వీధికి వేరేలా కనిపించింది.

“దూకుతాడు! పట్టుకోండిరా!” అని బాబాయిగారు కుర్చీలోంచి లేచి తుమ్మారు.

నేను, దర్జీ, మస్తాన్, పాలగిన్నెలతో ఇంకో నలుగురు మేడెక్కేసరికి, మా ఆయన ఇనుపనిచ్చెనను వాటేసుకొని, టేపుకు ముక్కు ఆనించి, కళ్లనీళ్లు కారేలా నవ్వుతున్నారు. కొలత కోసం పూజ మధ్యలోనే పైకి వచ్చి ఉన్న పిన్నిగారు ఇంకా మడి తడిబట్టల్లోనే ఉన్నారు. ఒక చేత్తో ఆయన చొక్కా అంచును గట్టిగా పట్టుకున్నారు. రెండో చేత్తో ఇడ్లీ పళ్లెం తెమ్మని కిందికి సైగ చేస్తున్నారు.

ఆయన ఎనిమిది ఇడ్లీలు తిన్నారు. తిన్నంతసేపూ ఆవిడ ఆ చొక్కా వదల్లేదు.